చెట్టుమీది పూలమొక్కను కాపాడుకుందాం

అడవికి కట్టెలకు వెళ్తారు. ఇప్పపూలకు వెళ్తారు. చింతపండుకూ, తేనెకూ, కుంకుడుకాయలకూ వెళ్తారు. అప్పుడు మన చూపంతా నేలమీదే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి.

పెద్ద చెట్టు కొమ్మమీద ఇంకో చిన్న మొక్క కనిపిస్తుంది. ఆకులు దళసరిగా ఉంటాయి. లావుపాటి తెల్లని వేళ్లు కొమ్మను చుట్టుకొని ఉంటాయి. కొన్ని వేళ్లు గాలిలో వేలాడుతూ ఉంటాయి. ఎండాకాలంలోనో, వానలు మొదలయ్యాకో ఆ మొక్కకు పూలు వస్తాయి. కొన్నిటి పూలు మంచి వాసన కూడా వేస్తాయి.

అక్కడ మట్టి లేదు. నీళ్లు పోసేవాళ్లు లేరు. ఎరువు వేసేవాళ్లు లేరు. మరి ఆ మొక్క ఎలా బతుకుతోంది?

ఈ మొక్కల్ని ఆర్కిడ్లు అంటారు. ఇవి మన కొండల్లో ఎంతోకాలంగా ఉన్నాయి. ఇప్పుడు చాలాచోట్ల తగ్గిపోతున్నాయి. ఎందుకు తగ్గిపోతున్నాయి? తగ్గితే మనకేమిటి? మనం ఏం చేయగలం? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎన్ని రకాలు? ఎక్కడ ఉంటాయి?

ప్రపంచం మొత్తంమీద సుమారు 28 వేల రకాల ఆర్కిడ్లు ఉన్నాయి. మన దేశంలో 1,256 రకాలు ఉన్నాయని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ 2019లో లెక్క చెప్పింది. వాటిలో 388 రకాలు మన దేశంలో తప్ప ఇంకెక్కడా పెరగవు. అంటే ఇక్కడ పోతే ప్రపంచంలోనే పోయినట్టు.

ఈశాన్య రాష్ట్రాల్లో, పడమటి కనుమల్లో ఇవి ఎక్కువ. మన తూర్పు కనుమల్లోనూ ఉన్నాయి. అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి కొండల్లో చెట్లమీద, బండలమీద, నేలమీద రకరకాల ఆర్కిడ్లు కనిపిస్తాయి. నల్లమలలోనూ ఉన్నాయి. ఒక రకం మైదానంలో పాత మామిడి చెట్టుమీద కూడా పెరుగుతుంది. దాని పువ్వు పసుపూ గోధుమరంగూ కలిసి గళ్లగళ్లుగా ఉంటుంది. మధ్యలో ఊదారంగు. మీ ఊరి తోటలోనే అది ఉండి ఉండవచ్చు.

కొన్ని ఆర్కిడ్లు చెట్టెక్కవు. నేలలోనే ఉంటాయి. వాటికి భూమిలో దుంప ఉంటుంది. తొలకరి వానకు ఆ దుంప మొలకెత్తుతుంది. ఆకు వేస్తుంది, పువ్వు పూస్తుంది. వానలు పోయాక పైభాగం ఎండిపోతుంది. దుంప మాత్రం భూమిలో నిద్రపోతుంది. మళ్లీ తొలకరికి లేస్తుంది.

బదనిక వేరు, ఆర్కిడ్ వేరు

మన పల్లెల్లో చెట్టుమీద పెరిగే మొక్క ఏదైనా సరే, బదనిక అనేస్తాం. బదనిక పడితే చెట్టు పాడవుతుందని కొట్టి పారేస్తాం. ఆ మాట సగం నిజం. సగం నిజం కాదు.

అసలు బదనిక మామిడి కొమ్మలోకి వేరు దింపుతుంది. చెట్టు తాగే నీటినీ, సారాన్నీ పీల్చుకుంటుంది. దాని గింజకు జిగురు ఉంటుంది. పిట్టలు ఆ పండు తిని గింజను ఇంకో కొమ్మకు అంటిస్తాయి. అక్కడ మళ్లీ మొలుస్తుంది. బదనిక ఎక్కువైతే కొమ్మ ఎండిపోతుంది. అందుకే రైతులు దాన్ని కోసేస్తారు. అది సరైన పనే.

ఆర్కిడ్ అలా చెయ్యదు. దాని వేళ్లు చెట్టు లోపలికి పోవు. బెరడును పట్టుకొని ఉంటాయి, అంతే. ఆ వేళ్లపైన స్పంజిలాంటి తెల్లని పొర ఉంటుంది. వాన పడితే, మంచు కురిస్తే ఆ పొర తడిని పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు వేరు తెల్లగా ఉంటుంది. తడిస్తే పచ్చగా మారుతుంది. బెరడు సందుల్లో చేరిన ఆకుల చెత్త, దుమ్ము దానికి ఎరువు. దళసరి ఆకుల్లో, ఉబ్బిన కాండంలో నీళ్లు దాచుకుంటుంది. వేసవిలో అదే దానికి ఆధారం.

ఒక పోలిక చెప్పుకుందాం. ఒక చుట్టం వచ్చి మన అరుగుమీద కూర్చుంటాడు. తన మూట తను విప్పుకొని తింటాడు. ఇంకో చుట్టం తిన్నగా వంటింట్లోకి వచ్చి కుండ ఖాళీ చేస్తాడు. అరుగుమీద కూర్చున్నవాడు ఆర్కిడ్. కుండ ఖాళీ చేసేవాడు బదనిక. ఇద్దర్నీ ఒకే గాటన కట్టి గెంటేస్తే న్యాయమేనా?

తేడా ఎలా గుర్తుపట్టాలి? బదనికకు గాలిలో వేలాడే తెల్లని వేళ్లు ఉండవు. అది కొమ్మలోంచే పుట్టినట్టు ఉంటుంది. అంటుకున్నచోట కొమ్మ వాచి గడ్డకట్టి ఉంటుంది. ఆర్కిడ్‌కు తెల్లని లావు వేళ్లు బయటికే కనిపిస్తాయి. కొమ్మ మామూలుగానే ఉంటుంది.

ధూళి అంత విత్తనం

ఆర్కిడ్ కాయ పండి పగిలితే లోపల పసుపుపచ్చని పొడి ఉంటుంది. పుప్పొడి అనుకుంటాం. కాదు, ఆ పొడే విత్తనాలు. ఒక్క కాయలో వేలూ, లక్షలూ ఉంటాయి. ఊదితే గాలికి ఎగిరిపోతాయి.

లక్షల విత్తనాలు ఉంటే అడవి నిండా ఆర్కిడ్లే ఉండాలి కదా? లేవు. ఎందుకని?

శనగ గింజను తీసుకోండి. అందులో మొలకకు కావలసిన తిండి ఉంటుంది. తల్లి బిడ్డకు మూటకట్టి పంపినట్టే. అందుకే తడి తగిలితే చాలు, మొలుస్తుంది. ఆర్కిడ్ విత్తనంలో ఆ మూట లేదు. ఖాళీ చేతులతో బయలుదేరుతుంది. దానికి ఒక తోడు దొరకాలి. ఆ తోడు కంటికి సరిగా కనపడని ఒక రకం బూజు. బెరడు సందుల్లో, ఆకుల కుళ్లులో అది ఉంటుంది. ఆ బూజు తగిలితేనే విత్తనానికి తిండి అందుతుంది. తోడు దొరకని విత్తనాలన్నీ చచ్చిపోతాయి. లక్షల్లో ఏ ఒకటో రెండో బతుకుతాయి.

బతికిన మొలక కూడా నెమ్మదిగా పెరుగుతుంది. మొదటి పువ్వు పూయడానికి చాలా రకాలకు మూడేళ్లో, ఐదేళ్లో పడుతుంది. కొన్నిటికి అంతకంటే ఎక్కువ. కొమ్మమీద గుబురుగా కనిపించే మొక్క అక్కడికి చేరడానికి ఎన్నో ఏళ్లు పట్టి ఉంటుంది. దాన్ని పీకడానికి ఒక్క నిమిషం చాలు.

తేనెటీగ లేకపోతే కాయ లేదు

పువ్వు పూసినంత మాత్రాన కాయ రాదు. పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరాలి. ఆర్కిడ్ పుప్పొడి పొడిగా రాలదు. చిన్న ఉండలా ఉంటుంది. తేనెటీగో, సీతాకోకచిలుకో, ఇంకో పురుగో వచ్చి పువ్వులో తల దూరిస్తే ఆ ఉండ దాని ఒంటికి అతుక్కుంటుంది. అది ఇంకో పువ్వుమీద వాలినప్పుడు అక్కడ అంటుకుంటుంది. కొన్ని ఆర్కిడ్లకు ఒకే ఒక్క రకం పురుగు పనికొస్తుంది. ఆ పురుగు పోతే ఆ మొక్కకు కాయ ఉండదు.

దీనికి ఒక నిజమైన కథ ఉంది. ఐస్‌క్రీములో, బిస్కెట్లలో వెనిల్లా వాసన ఉంటుంది కదా. వెనిల్లా కూడా ఆర్కిడ్ జాతి తీగే. దాని కాయ నుంచే అసలైన ఆ వాసన వస్తుంది. ఆ తీగ పుట్టిల్లు మెక్సికో దేశం. ఫ్రాన్సువాళ్లు దాన్ని హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చి నాటారు. తీగ పెరిగింది. పువ్వు పూసింది. కాయ మాత్రం రాలేదు. మెక్సికోలో ఆ పువ్వుకు పనిచేసే తేనెటీగ ఈ దీవిలో లేదు మరి.

1841లో ఆ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల కుర్రవాడు దారి కనిపెట్టాడు. అతను బానిస. తోటలో పని చేసేవాడు. సన్నని పుల్లతో పువ్వులోని పొరను ఎత్తి, వేలితో పుప్పొడిని అద్దాడు. కాయ కాసింది! ఈనాటికీ తోటల్లో వెనిల్లా పువ్వులకు ఒక్కొక్కదానికీ మనుషులే అలా అద్దుతారు. ఆ పని వల్ల ఎందరో షావుకార్లు బాగుపడ్డారు. ఆల్బియస్ మాత్రం 1880లో పేదవాడిగానే చనిపోయాడు.

ఈ కథలో రెండు సంగతులున్నాయి. ఒకటి: చిన్న తేనెటీగ ఉచితంగా చేసే పనిని మనిషి చెయ్యాలంటే ఎంత కష్టమో చూడండి. రెండు: చదువు లేనివాళ్లు, చేతులతో పనిచేసేవాళ్లు కూడా పెద్ద పండితులకు తెలియని విషయం కనిపెట్టగలరు. అడవి గురించి మీకు తెలిసింది తక్కువేమీ కాదు.

ఏడుగురి మోత

ఇప్పుడు మన దేశంలోనే జరిగిన ఇంకో కథ.

మేఘాలయలో ఖాసీ కొండలున్నాయి. అక్కడ నీలిరంగు పూల ఆర్కిడ్ ఒకటి పూస్తుంది. దాన్ని నీలి వాండా అంటారు. ఆర్కిడ్లలో నీలిరంగు చాలా అరుదు. 1850లో జోసెఫ్ హూకర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త అక్కడికి వెళ్లాడు. నీలిపూలు చూసి ముచ్చటపడ్డాడు. లండన్ దగ్గరి క్యూ తోటకు పంపాలని మొక్కలు పీకించాడు. ఎన్ని? ఏడుగురు మనుషులు మోసినన్ని! దారిలోనే దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఇంగ్లండుకు బతికి చేరినవి కొద్దే.

అదే సమయంలో ఇంకో దొర తన తోటమాలిని పంపి ఆ చోటు చూపించుకున్నాడు. ఒక మనిషి మోతంత మొక్కలు ఇంగ్లండుకు పంపాడు. అవి చేరేసరికి వాడిపోయి ఉన్నాయి. అయినా 300 పౌండ్లకు అమ్ముడుపోయాయట. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. ఈ సంగతులు హూకరే తన యాత్రల పుస్తకంలో రాశాడు.

డబ్బు వస్తుందని తెలిశాక ఎవరు ఊరుకుంటారు? వ్యాపారులు మూటలు మూటలు పీకించారు. మోసినవాళ్లకు దక్కింది కూలి. అమ్మినవాళ్లకు దక్కింది లాభం. కొండకు మిగిలింది బోడి కొమ్మ. నీలి వాండా అరుదైపోయింది. చివరికి చట్టం చేసి కాపాడవలసి వచ్చింది.

ఇప్పుడు ఎందుకు తగ్గుతున్నాయి?

మొదటి కారణం, పాత చెట్లు పోవడం. ఆర్కిడ్‌కు చెట్టే ఇల్లు. ముసలి చెట్టుకు గరుకు బెరడు, వెడల్పాటి కొమ్మలు ఉంటాయి. ఆర్కిడ్‌కు అవి కావాలి. రోడ్డుకోసం, గనులకోసం, కలపకోసం, పోడుకోసం చెట్టు కొట్టేస్తే ఇల్లు పోయినట్టే. కొత్తగా నాటిన చెట్టు ఆ వయసుకు రావడానికి ఎన్నో ఏళ్లు కావాలి.

రెండో కారణం, తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అరకు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్లు ఎన్నో కూలిపోయాయి. చెట్టు పడితే దానిమీది మొక్క పడక తప్పదు కదా. నేలమీద పడిన ఆర్కిడ్ కొద్దిరోజుల్లో కుళ్లిపోతుంది.

మూడో కారణం, మంటలు. ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా చెట్టుకింద ఆకులకు నిప్పు పెడతారు. పోడుకు పెట్టిన నిప్పు కూడా ఒక్కోసారి పక్క అడవిలోకి పాకుతుంది. పొగకు, సెగకు కింది కొమ్మల మొక్కలు మాడిపోతాయి. నేల ఆర్కిడ్ల దుంపలు వేగిపోతాయి. ఆ బూజు కూడా చచ్చిపోతుంది.

నాలుగో కారణం, పీకి అమ్మడం. కొన్నిటిని అందంకోసం పీకుతారు. కొన్నిటిని మందుకోసం తవ్వుతారు. గళ్లపూల ఆర్కిడ్ వేళ్లను కీళ్లనొప్పుల మందుల్లో వాడతారు. ఆకు కోస్తే మళ్లీ వస్తుంది. వేరు తీస్తే, దుంప తవ్వితే మొక్కే ఉండదు.

అయిదో కారణం, పురుగుమందులు. మందు కొట్టిన చోట తేనెటీగలు చస్తాయి. ఈగ లేక కాయ లేదు.

పోతే మనకేమిటి?

ఒకామె ఇలా అడగవచ్చు. “ఆ మొక్క కూరకు పనికిరాదు. పొయ్యిలోకి పనికిరాదు. ఉంటే ఎంత, పోతే ఎంత?”

మంచి ప్రశ్నే. జవాబు చూద్దాం.

ఆర్కిడ్ ఉందంటే అక్కడ ముసలి చెట్లు ఉన్నట్టు. గాలిలో తడి ఉన్నట్టు. తేనెటీగలు ఉన్నట్టు. ఆకులు కుళ్లి నేల మెత్తగా ఉన్నట్టు. ఇవన్నీ ఉన్నచోటే ఊటలు నిలుస్తాయి, వాగు ఎక్కువకాలం పారుతుంది. తేనె దొరుకుతుంది, చింత కాస్తుంది. ఆర్కిడ్లు పోతున్నాయంటే వీటిలో ఏదో చెడుతోందని అర్థం. జ్వరం వచ్చిందంటే ఒంట్లో ఎక్కడో బాగాలేదని తెలుసుకుంటాం కదా. ఇదీ అంతే.

వాగు ఎండిపోతే బిందె పట్టుకొని దూరం నడిచేది ఎవరు? ఆడవాళ్లే. అందుకే ఈ సంగతి ముందుగా తెలుసుకోవలసింది కూడా మనమే.

కాపాడుతున్నవాళ్లు

అసోంలో ఏప్రిల్ నెలలో బిహు పండుగ జరుగుతుంది. ఆ పండుగకు ఆడపిల్లలు జడలో ఒక పూలగుత్తి పెట్టుకుంటారు. గులాబీరంగు చుక్కల తెల్లని పూలు నక్కతోకలా ఒత్తుగా ఉంటాయి. దాన్ని అక్కడ కొపౌ ఫూల్ అంటారు. అది ఆర్కిడ్ పువ్వే. అసోంకూ, అరుణాచల్ ప్రదేశ్‌కూ అది రాష్ట్ర పుష్పం. అదే రకం మన తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది.

అరుణాచల్ ప్రదేశ్‌లో సెస్సా అనే చోట 1989లో ఆర్కిడ్లకోసమే ఒక అభయారణ్యం పెట్టారు. పులులకోసం, ఏనుగులకోసం అడవిని కాపాడటం విన్నాం. ఇక్కడ 100 చదరపు కిలోమీటర్ల అడవిని పూలమొక్కలకోసం కాపాడుతున్నారు.

కేరళలో వయనాడ్ జిల్లాలో గురుకుల బొటానికల్ శాంక్చువరీ అనే చోటు ఉంది. దాన్ని 1981లో వోల్ఫ్‌గాంగ్ థాయర్‌కాఫ్ అనే జర్మనీ దేశస్థుడు మొదలుపెట్టాడు. పడమటి కనుమల్లో అడవి కొట్టేసిన చోట్లనుంచి, పడిపోయిన కొమ్మలమీదనుంచి వాళ్లు మొక్కల్ని తెచ్చి బతికిస్తారు. అలా కాపాడినవాటిలో ఆర్కిడ్లు ఎన్నో ఉన్నాయి. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. రోజూ మొక్కల్ని చూసి చూసి, ఏ మొక్కకు ఎంత నీడ, ఎంత తడి కావాలో వాళ్లు నేర్చుకున్నారు.

శాస్త్రవేత్తలు ఇంకో దారి కూడా కనిపెట్టారు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్‌సన్ అనే ఆయన సీసాలో చక్కెర కలిపిన జిగురుపదార్థంమీద ఆర్కిడ్ విత్తనాలు మొలిపించాడు. బూజు పెట్టే తిండిని ఆయన సీసాలోనే పెట్టాడన్నమాట. పట్నం పూలకొట్లలో, పెళ్లి మండపాల్లో కనిపించే ఊదారంగు ఆర్కిడ్లు చాలావరకు తోటల్లో పెంచినవే. పువ్వు కావాలంటే అడవి మొక్కను పీకనక్కరలేదు.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట అందులో జంతువులు, పక్షులే ఉన్నాయి. 1991లో కొన్ని మొక్కల్ని కూడా చేర్చారు. వాటిలో నీలి వాండా, ఎర్ర వాండా, చెప్పు ఆకారంలో పువ్వు పూసే ఆర్కిడ్లు ఉన్నాయి. ఇలాంటి మొక్కల్ని అడవినుంచి పీకినా, అమ్మినా శిక్ష పడుతుంది. 2022లో ఈ చట్టాన్ని మళ్లీ సవరించారు. అభయారణ్యాల్లో అయితే అనుమతి లేకుండా ఏ మొక్కనూ పీకకూడదు.

దేశాల మధ్య కూడా ఒక ఒప్పందం ఉంది. అది 1975లో అమల్లోకి వచ్చింది. మన దేశం 1976లో చేరింది. అనుమతి పత్రం లేకుండా ఏ ఆర్కిడ్ మొక్కనూ దేశం దాటించకూడదు.

“అయితే మమ్మల్ని అడవిలోకి రానివ్వరా?” అని భయపడకండి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిలో నివసించే గిరిజనులకు తేనె, ఇప్పపూలు, చింతపండు లాంటివి ఏరుకొని అమ్ముకునే హక్కు అందులో ఉంది. అడవినీ, అందులోని మొక్కల్నీ జంతువుల్నీ కాపాడే అధికారం కూడా గ్రామసభకు ఉంది. హక్కు, బాధ్యత రెండూ కలిసే వచ్చాయి.

మనం ఏం చేయగలం?

తపసి జిగురు సంగతి గుర్తు తెచ్చుకోండి. జిగురు ఎక్కువ రావాలని చెట్టును గొడ్డలితో లోతుగా నరికితే చెట్టే చచ్చిపోతుంది. చిన్న గాటు పెట్టి, గాయం మానేదాకా ఆగితే చెట్టు బతుకుతుంది, జిగురూ ఏటా వస్తుంది. ఆర్కిడ్ల విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తలే కావాలి.

1. చెట్టుమీద ఉన్న ఆర్కిడ్‌ను పీకవద్దు. బదనికా, ఆర్కిడా అని ముందు చూసుకోండి.

2. పువ్వు కావాలంటే ఒక గుత్తి తుంచండి. మొక్కను తియ్యకండి. కొన్ని పూలు మొక్కమీదే వదిలేయండి. వదిలితేనే కాయ వస్తుంది.

3. ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టవద్దు. ఆకులు ఊడ్చి పాత చీరో, దుప్పటో పరచండి. పూలు దానిమీద రాలతాయి. మన్ను అంటదు. శుభ్రమైన పువ్వును ఆరబెట్టుకోవడమూ తేలికే.

4. పోడు చేసినా, కాఫీ వేసినా ముసలి చెట్లను నిలపండి. పనస, మామిడి, ఇప్ప, చింతలను మన పెద్దలు ఎలాగూ కొట్టేవాళ్లు కాదు. ఆ మంచి అలవాటు పోనివ్వకండి.

5. గాలివానకు పడిన కొమ్మమీద ఆర్కిడ్ ఉంటే దాన్ని బతికించవచ్చు. ఎలాగో చెబుతాం. పడిన మొక్కను వేళ్లు తెగకుండా నెమ్మదిగా విడదీయండి. చుట్టుపక్కలే గరుకు బెరడున్న పచ్చని చెట్టును చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండ తగలని చోటు ఎంచుకోండి. వేళ్లు బెరడుకు ఆనేలా పెట్టి నూలు పేలికతోనో, కొబ్బరి తాడుతోనో కట్టండి. ఇనప తీగె, రాగి తీగె వాడవద్దు. మట్టి పెట్టవద్దు. మట్టి పెడితే వేళ్లు కుళ్లుతాయి. వానలు లేకపోతే కొన్ని వారాలు నీళ్లు చల్లండి. కొన్ని నెలలకు కొత్త వేళ్లు చెట్టును పట్టుకుంటాయి. పేలిక దానంతటదే చివికిపోతుంది. రిజర్వు అడవిలో, అభయారణ్యంలో అయితే ముందుగా అటవీ ఉద్యోగులకు చెప్పి చెయ్యండి.

6. బయటివాళ్లు వచ్చి “చెట్టుమీది మొక్కలు బస్తాకు ఇంత ఇస్తాం” అంటే ఒప్పుకోకండి. ఏడుగురి మోత కథ గుర్తుంచుకోండి. పట్టుబడితే కేసు పీకినవాళ్లమీదే పడుతుంది. సంఘంలో మాట్లాడి గ్రామసభకూ, అటవీ ఉద్యోగులకూ చెప్పండి.

చదువు వచ్చింది, రాసి పెడదాం

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. జీవవైవిధ్యం అంటే రకరకాల మొక్కలు, జంతువులు, పురుగులు, పంటలు అన్నీ కలిసి ఉండటం. ఈ చట్టం ప్రకారం పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి. 2004లో చేసిన నియమాల్లోనే ఆ కమిటీ సభ్యుల్లో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని రాశారు. ఆ కమిటీ ఒక రిజిస్టరు తయారుచెయ్యాలి. దాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అంటారు. ఊరిలో, అడవిలో ఏ మొక్కలున్నాయి, వాటిని ఊరివాళ్లు ఏమని పిలుస్తారు, దేనికి వాడతారు అన్నీ అందులో రాయాలి.

ఆ పేర్లు ఎవరికి తెలుసు? మీ అమ్మకు తెలుసు. మీ అత్తకు తెలుసు. మంత్రసాని అవ్వకు తెలుసు. వాళ్లు చదువుకోలేదు కాబట్టి రాయలేకపోయారు. వాళ్లతోపాటే ఆ పేర్లు పోతే మళ్లీ ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏ చెట్టుమీద, ఏ నెలలో, ఏ రంగు పువ్వు పూసిందో రాయండి. అవ్వ చెప్పిన పేరు అవ్వ పలికినట్టే రాయండి. మరుసటి ఏడు మళ్లీ చూడండి. పెరిగాయా, తగ్గాయా? తగ్గితే ఎందుకు తగ్గాయి? మీ రాతే సాక్ష్యం అవుతుంది. గ్రామసభలో నోటిమాటకంటే రాసిన కాగితానికి బలం ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. అరుదైన మొక్క ఏ చెట్టుమీద ఉందో కొత్తవాళ్లకు చెప్పకండి. ఆ మాట ఊళ్లోనే ఉండాలి.

ఆర్కిడ్ ఎవరినీ తిండి అడగదు. నీళ్లు అడగదు. దానికి కావలసింది ఒక ముసలి చెట్టు, కాస్త తడి, ఒక తేనెటీగ. అవి ఉన్నచోట మనమూ చల్లగా బతుకుతాం.

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో చెట్లమీద పెరిగే మొక్కలు ఎన్ని రకాలు? వాటిలో బదనిక ఏది? ఆర్కిడ్ ఏది?

2. మీ చిన్నప్పుడు అడవిలో చూసి, ఇప్పుడు కనిపించని పువ్వు ఏదైనా ఉందా? ఎందుకు పోయింది?

3. ఇప్పచెట్ల కింద నిప్పు పెట్టకుండా ఉండటానికి మీ సంఘం ఏం చేయగలదు?

4. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందా? అందులో ఆడవాళ్లు ఎంతమంది? రిజిస్టరు ఎక్కడ ఉంది? వెళ్లి అడగండి.